చేపల బజారు పక్క మైదానం

2003 ఏప్రిలు నెలలో, పశ్చిమాఫ్రికాలోని లైబీరియా దేశపు రాజధాని మన్రోవియాలో, క్యాథలిక్ సంఘంవారు నడిపే వెరిటాస్ అనే రేడియో కేంద్రం ఒక పిలుపును ప్రసారం చేసింది. యుద్ధం ఆగాలని కోరే స్త్రీలందరూ తెల్లని దుస్తులు ధరించి, నగలూ అలంకారాలూ విడిచి, చేపల బజారు పక్కనున్న మైదానానికి రావలసినదని దాని సారాంశం. రేడియోలో పనిచేసేవారికి ఒక సంగతి బాగా తెలుసు. మేము రోజూ చదివే ప్రకటనలలో అధికభాగం గాలిలో పుట్టి గాలిలోనే కలిసిపోతాయి. ఈ పిలుపు అట్లా కలిసిపోలేదు. చెప్పిన రోజున తెల్లవారేసరికి ఆ మైదానమంతా తెల్లబడింది. వేల సంఖ్యలో వచ్చారు. చేపలు, మిరపకాయలు అమ్ముకొనేవారు, శరణార్థుల శిబిరాలలో తల దాచుకొంటున్న పల్లెటూరి స్త్రీలు, ఉపాధ్యాయినులు, ఉద్యోగినులు. మసీదుకు వెళ్లేవారు, చర్చికి వెళ్లేవారు. ఆ రోజు కూర్చున్నారు. మరునాడూ కూర్చున్నారు. నెలల తరబడి కూర్చున్నారు.

ఆ కూర్చోవటాన్ని గురించి, ఆ తరువాత వారు మరికొన్ని చోట్ల కూర్చోవటాన్ని గురించి ఈ ప్రసంగంలో చెప్పదలచాను. యుద్ధం ముగిసినదని ఒడంబడిక మీద సంతకాలు చేసేవారు కొందరు. ఆ మరునాటి నుండి పొరుగువానితో కలిసి బ్రతకవలసినవారు వేరే కొందరు. మొదటివారి పేర్లు చరిత్ర గ్రంథాలలో దొరుకుతవి. రెండవవారు చేసిన పని తెలుసుకోవాలంటే కొంత వెతకాలి.

లైబీరియా చిన్న దేశం. వైశాల్యంలో ఇంచుమించు మన తెలంగాణమంత. అంత నేలలోనూ ఆనాడున్న జనం ముప్పై లక్షల ప్రాంతం. వరి తినే దేశం. రోజంతా ఏమి తిన్నా, అన్నం తినకపోతే తిన్నట్టు కాదనే మాట అక్కడా ఉన్నది. అమెరికాలో బానిసత్వం నుండి విముక్తులైన నల్లవారు కొందరు 1822లో ఈ తీరానికి వచ్చి స్థిరపడి, 1847లో స్వతంత్ర గణతంత్రం ప్రకటించుకొన్నారు. నూటికి ఐదుగురైనా లేని ఈ వలసవారే, తక్కిన తెగలన్నిటినీ అణచిపెట్టి, 1980 వరకు రాజ్యం చేశారు. 1926లో ఫైర్‌స్టోన్ అనే అమెరికను రబ్బరు కంపెనీకి పదిలక్షల ఎకరాలు 99 సంవత్సరాల కౌలుకు ఇచ్చినదీ వారే. 1979లో బియ్యం ధర పెంచబోతే జనం వీధులలోకి వచ్చారు, కాల్పులు జరిగినవి. మరుసటి సంవత్సరం శామ్యూల్ డో అనే సైనికోద్యోగి అధ్యక్షుణ్ణి చంపి గద్దె ఎక్కాడు. 1989 క్రిస్మసుకు ముందురోజున చార్లెస్ టేలర్ అనుచరులు తూర్పు సరిహద్దు దాటి నింబా జిల్లాలో ప్రవేశించారు. అక్కడి నుండి, నడుమ రెండు మూడేళ్ల విరామంతో, 2003 దాకా యుద్ధమే. చనిపోయినవారు రెండున్నర లక్షలని సాధారణంగా చెబుతారు; అది ఎక్కువ లెక్క అనే పరిశోధకులూ లేకపోలేదు. కాని పదేండ్ల పిల్లల చేతికి తుపాకులిచ్చినారన్న విషయంలో మాత్రం ఎవరికీ భేదాభిప్రాయం లేదు.

మన్రోవియాలో సెయింట్ పీటర్స్ అని ఒక లూథరన్ చర్చి ఉన్నది. 1990 జూలై 29వ తేదీ రాత్రి, ప్రాణభయంతో అందులో తలదాచుకొన్నవారిపై ప్రభుత్వ సైనికులే పడి, సుమారు ఆరువందల మందిని చంపారు. పన్నెండేళ్ల తరువాత స్త్రీలు శాంతికోసం సమావేశం కావటం మొదలుపెట్టినది ఆ చర్చిలోనే. వారికి నాయకురాలు లేమా బోవీ. అప్పటికి ఆమెకు ముప్పై ఏండ్లు, పిల్లల తల్లి. యుద్ధంలో తుపాకి పట్టిన కుర్రవాళ్ల మనసులు కుదుటపరిచే సంస్థలో ఉద్యోగం. ఆ సభలలో ఒకదానికి అసాతు బా కెన్నెత్ అనే మహమ్మదీయ స్త్రీ, పోలీసు అధికారిణి, వచ్చి, తమవారిని కూడా కూడగడతానన్నది. అందరూ వెంటనే ఒప్పుకోలేదు. అన్యమతస్థులతో కలిసి ప్రార్థన చేస్తే తమ విశ్వాసానికి భంగం రాదా అని క్రైస్తవ స్త్రీలలో కొందరికి సందేహం కలిగింది. తుపాకిగుండు ఇన్నేళ్లలో ఎవరి మతమూ అడగలేదని చివరకు తమకు తామే సమాధానం చెప్పుకొన్నారు.

వారి పద్ధతి చూడండి. శుక్రవారం మధ్యాహ్నం మసీదుల ముందు నిలబడేవారు. శనివారం బజారులకు వెళ్లేవారు. ఆదివారం చర్చిల వాకిట ఉండేవారు. చేతిలో కరపత్రాలు. చదువురాని వారికోసం బొమ్మలు గీసిన కాగితాలు. టేలర్ చర్చికి వెళ్లేవాడు కాబట్టి అతని పాదరీల మీద ఒత్తిడి తెచ్చే పని క్రైస్తవ స్త్రీలది. ఉత్తరం నుండి వస్తున్న తిరుగుబాటు నాయకులలో పలువురు మహమ్మదీయులు కాబట్టి ఇమాముల దగ్గరకు వెళ్లే పని మహమ్మదీయ స్త్రీలది. రాజకీయ శాస్త్రంలో పట్టం పుచ్చుకొన్నవారికి తోచని ఈ పనివిభజన బజారులో బేరమాడటం తెలిసిన వారికి తోచింది.

2003 వసంతంలో యుద్ధం రాజధానికి చేరువైనప్పుడు వారు మైదానంలో కూర్చున్నారు. ఆ స్థలాన్ని ఊరకే ఎంచుకోలేదు. అధ్యక్షుని వాహనాలు వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఆ మైదానం పక్క రోడ్డు మీదుగానే పోవాలి. ఎండలో కూర్చున్నారు, మే నెల నుండి వానలో కూర్చున్నారు. ప్రపంచంలోని రాజధానులలో మన్రోవియాలో పడినంత వాన పడేవి చాలా అరుదు. భర్తలతో సంసారం మానుకొంటామని కూడా వారు ప్రకటించారు. దేశదేశాల పత్రికలకు అన్నిటికంటె ఆ సంగతే రుచించింది. దానివల్ల పత్రికల దృష్టి తమమీద పడటం తప్ప, నిజంగా జరిగిన మేలు స్వల్పమేనని బోవీ తరువాత నిష్కపటంగా వ్రాసింది. ఏప్రిలు 23వ తేదీన టేలర్ వారిని పిలిపించి, వారి విజ్ఞాపన విన్నాడు, చర్చలకు వెళతానన్నాడు. వారిలో కొందరు పొరుగుదేశానికి వెళ్లి తిరుగుబాటు నాయకుల చేత కూడా ఆ మాటే చెప్పించారు.

చర్చలు జూన్ 4న ఘానా దేశపు రాజధాని ఆక్రాలో ప్రారంభమైనవి. ఆ రోజే టేలర్ మీద సియెర్రా లియోన్ ప్రత్యేక న్యాయస్థానంవారి నేరారోపణ వెల్లడైంది. అతడు హడావిడిగా ఇంటిదారి పట్టాడు. తక్కినవారు మంచి హోటళ్లలో దిగి, ఎవరికి ఏ మంత్రి పదవి అని వాదించుకొంటూ ఉంటే, వారి మనుషులు మన్రోవియాలో ఫిరంగిగుండ్లు కురిపిస్తూనే ఉన్నారు. ఆరు వారాలు గడిచినవి. జూలై 21న సుమారు రెండువందల మంది స్త్రీలు సమావేశ మందిరం ద్వారం వద్ద చేతులు పెనవేసుకొని నేలమీద కూర్చుండిపోయారు. లోపలివారు బయటికి రాకూడదు; ఒప్పందం కుదిరేదాకా అన్నమూ నీళ్లూ లేకుండా అక్కడే ఉండాలి. భటులు వచ్చి బోవీని పట్టుకోబోయారు. అప్పుడామె లేచి నిలబడి, తలకట్టు తీసి, నడుముకు చుట్టుకొన్న గుడ్డ విప్పబోయింది. తల్లి తనంత తాను వివస్త్ర అయితే చూచినవానికి శాపం తగులుతుందని ఆ ప్రాంతాలలో నమ్మకం. భటులు వెనుకకు తగ్గారు. మధ్యవర్తిగా ఉన్న నైజీరియా మాజీ అధ్యక్షుడు జనరల్ అబూబకర్ వచ్చి బ్రతిమాలవలసి వచ్చింది. చర్చలు ముందుకు సాగకపోతే మళ్లీ వస్తామని చెప్పి, మాట తీసుకొని, వారు లేచారు.

ఆగస్టు 11న టేలర్ పదవి విడిచి నైజీరియా వెళ్లిపోయాడు. 18న ఒడంబడిక కుదిరింది. ఇదంతా స్త్రీల వల్లనే జరిగినదంటే అతిశయోక్తి. నైజీరియా సైనికులు అప్పటికే దిగారు. అమెరికా యుద్ధనౌకలు తీరంలో నిలిచి ఉన్నవి. టేలర్ చేతిలో డబ్బూ తూటాలూ అయిపోతున్నవి. వారు అక్కడ కూర్చోకపోయినా యుద్ధం ఎప్పుడో ఒకప్పుడు ఆగేదేమో. నన్ను ఆలోచింపజేసే విషయం మరొకటి ఉన్నది. ఒడంబడిక కుదిరిన తరువాత ఆ స్త్రీలు మైదానం విడిచి ఇళ్లకు పోలేదు.

పోతే ఏమయ్యేదో ఆ డిసెంబరులోనే కనిపించింది. ఐక్యరాజ్యసమితివారు మన్రోవియాకు సమీపంలోని ఒక శిబిరంలో ఆయుధాలు అప్పగించే కార్యక్రమం డిసెంబరు 7న మొదలుపెట్టారు. తుపాకి ఇచ్చినవానికి రెండు విడతలుగా మూడువందల డాలర్లు. వెయ్యిమంది వస్తారని ఏర్పాట్లు చేస్తే అనేకరెట్లు వచ్చి పడ్డారు. కూర్చోను చోటులేదు, చేతికి డబ్బు లేదు, ఏమి జరుగుతున్నదో చెప్పేవారు లేరు. కుర్రవాళ్లు కోపంతో నగరం మీద పడ్డారు. కాల్పులలో కొందరు చనిపోయారు. కార్యక్రమం ఆపివేసి, నాలుగు నెలల తరువాత మళ్లీ ప్రారంభించవలసి వచ్చింది. నడుమ ఆ నెలలలో స్త్రీల సంఘాలవారు ఆ కుర్రవాళ్ల దగ్గరకు వెళ్లి, ఎక్కడికి రావాలి, ఏమి ఇవ్వాలి, ఏమి ఇస్తారు అనేది వారి భాషలో, తల్లులు చెప్పినట్లు చెప్పారు. ముగిసేసరికి ఆయుధాలు విడిచినట్లు పేరు నమోదు చేసుకొన్నవారు లక్షకు పైబడ్డారు. వారిలో స్త్రీలు ఇరవైవేలకు పైన, పిల్లలు పదివేలకు పైన. చేతికి వచ్చిన ఆయుధాలు మాత్రం సుమారు 28 వేలు. లెక్కలు చూచేవారికి ఈ రెండు సంఖ్యల మధ్య వ్యత్యాసం వెంటనే స్ఫురిస్తుంది. కొందరు తుపాకి పట్టనివారే డబ్బుకోసం వచ్చి ఉంటారు. కొన్ని తుపాకులు అడవిలో మిగిలి ఉంటవి.

ఇప్పుడు ఆ లక్షమందిలో ఒకణ్ణి ఊహించుకోండి. పన్నెండవ ఏట ఎత్తుకుపోయారు. పద్దెనిమిదవ ఏట తిరిగి వచ్చాడు. చదువు లేదు, చేతిలో పని లేదు. ఊరిలో అందరికీ అతడు ఏమి చేశాడో తెలుసు. అతని దళంవారి చేతిలో కొడుకును పోగొట్టుకొన్న తల్లి అదే బజారులో కసావా గడ్డలు అమ్ముతూ ఉంటుంది. ఆమె ఎదుట నుండి అతడు రోజూ నడిచిపోవాలి. ఆక్రాలో సంతకాలు చేసిన కాగితం ఒక్కటే ఈ ఇద్దరి మధ్య లెక్కను తేల్చలేదు. ఆ తల్లిని క్షమించమని చెప్పే హక్కు ఎవరికి ఉన్నది? నా మటుకు నాకు ఉన్నదని అనుకోను. అయినా ఇద్దరూ ఆ ఊరిలోనే బ్రతకాలి. వేరే ఊరు లేదు.

ఆ కుర్రవాళ్లలో ఎందరో మోటారు సైకిలు బాడుగకు నడపటం మొదలుపెట్టారు. బస్సులు లేని, రోడ్లు చెడిపోయిన దేశంలో ఆ బండే అన్నిటికీ ఆధారమైంది. పాత దళాలలోని స్నేహాలే కొత్త బండివాళ్ల సంఘాలకు పునాది అయినవి. దీన్ని చూచి భయపడినవారూ ఉన్నారు. పాత దళాలు కొత్త పేరుతో నిలిచి ఉన్నవని వారి భయం. కాని ప్రసవవేదన పడుతున్న స్త్రీని అర్ధరాత్రి ఆసుపత్రికి చేర్చేవాడు కూడా అతడే అయినప్పుడు, ఊరు అతణ్ణి చూచే చూపు కొద్దికొద్దిగా మారకుండా ఉండదు.

ఇక పల్లెలలో ఏమి జరిగినదో చెప్పాలి. లైబీరియా గ్రామాలలో తరతరాలుగా పలావా గుడిసె అని ఒకటి ఉన్నది. పలావా అంటే అక్కడివారి వాడుకలో తగవు. చుట్టూ గోడలు లేకుండా పైకప్పు మాత్రం ఉండే ఒక పాక. పెద్దలు కూర్చుని తగవులు తీరుస్తారు. మన రచ్చబండ అనుకోండి. తగవు మొదలు కోలా గింజలు పంచుకొంటారు, మనం తాంబూలం ఇచ్చిపుచ్చుకొన్నట్లు. అయితే ఆ పెద్దలందరూ పురుషులే. యుద్ధం ఆ పెద్దలనూ వారి మాటనూ చెల్లాచెదరు చేసింది. మైదానంలో కూర్చుండి వచ్చిన స్త్రీలు ఇప్పుడు ఆ పాకను తమదిగా చేసుకొన్నారు. బాంగ్ జిల్లాలోని తోతోతా వంటి చోట్ల మొదలై, ఐక్యరాజ్యసమితి స్త్రీ విభాగంవారి సహాయంతో క్రమంగా ముప్పైకి పైగా ఊళ్లలో ఇవి వెలసినవి. వీటిని శాంతి గుడిసెలు అంటారు.

అక్కడికి వచ్చే తగవులు వింటే మనకు ఆశ్చర్యం కలగదు. అన్నీ మనం ఎరిగినవే. మగడు త్రాగి కొట్టాడు. బిడ్డను కన్నవాడు పోషణకు డబ్బు ఇవ్వటం లేదు. పొరుగువాడు సరిహద్దు జరిపి వరి నాటాడు. బోరింగు దగ్గర కొట్లాట. ఇద్దరినీ కూర్చోబెట్టి, ఒకరు మాట్లాడుతుండగా రెండవవారు అడ్డు రాకుండా వింటారు. ఒప్పుకొన్నది అందరి ఎదుట ఒప్పుకొంటారు. వారం తరువాత ఇద్దరు స్త్రీలు ఆ ఇంటికి వెళ్లి ఆ మాట నిలిచినదో లేదో చూచి వస్తారు. బలాత్కారం వంటి ఘోరాలను మాత్రం తామే తీర్చకూడదని వారు నేర్చుకొన్నారు. వాటిని పోలీసులకు అప్పగిస్తారు. ఈ విచక్షణ లేకపోతే శాంతి పేరిట అన్యాయాన్ని కప్పిపుచ్చటమే అవుతుంది. పాత పలావా గుడిసెలలో అదీ జరిగేది.

ఇంత చిన్న తగవులకూ యుద్ధానికీ సంబంధమేమని ఎవరైనా అడగవచ్చు. నింబా జిల్లాలో గాంటా అనే వర్తకపు పట్టణం ఉన్నది. యుద్ధంలో అక్కడి నుండి పారిపోయిన మండింగో కులస్థులు, మహమ్మదీయ వర్తకులు, తిరిగి వచ్చేసరికి తమ ఇళ్లలో, దుకాణాలలో మానో, గియో తెగలవారు ఉన్నారు. వీరిది పాత హక్కు. వారిది, కష్టకాలంలో ఊరు విడువకుండా కాపాడినామన్న వాదన. ఒక ఇంటి తలుపు దగ్గర మొదలైన ఇట్టి మాట తెగల పేరు ఎత్తుకొనేసరికి ఊరంతా రెండు వైపులకు చీలుతుంది. 1989లో టేలరుకు మనుషులు దొరికినది ఆ నింబాలోనే. డో సైనికులు ఆ తెగల గ్రామాలను తగలబెట్టి ఉన్నారు గనుక. తగవు చిన్నదిగా ఉన్నప్పుడు వినేవారు ఉన్నారా లేదా అన్నది ఆ దేశంలో చిన్న ప్రశ్న కాదు. ఆచారం ప్రకారం ఊరికి చెందిన భూములపై ఊరివారి హక్కును గుర్తించే చట్టం 2018లో గాని రాలేదు. దాని ప్రకారం హద్దులు తేల్చటం ఏండ్లు పట్టే పని.

గుడిసెలో మరొక వస్తువు ఉన్నది. చాలాచోట్ల ఈ స్త్రీలు పొదుపు సంఘాలు పెట్టుకొన్నారు. ఇట్టి సంఘాలలో సాధారణంగా ఒక ఇనుప పెట్టె, దానికి మూడు తాళాలు. మూడు తాళపుచెవులు ముగ్గురు వేరువేరు స్త్రీల దగ్గర. ముగ్గురూ కలిస్తేగాని పెట్టె తెరుచుకోదు. వారం వారం కొద్ది కొద్దిగా వేసి, వంతుల మీద అప్పు తీసుకొని, ఎవరు సబ్బు చేస్తారో, ఎవరు ఎండుచేపలు కొని అమ్ముతారో నిర్ణయించుకొంటారు. మన డ్వాక్రా సంఘాల స్త్రీలకు ఈ ఏర్పాటు వివరించి చెప్పనవసరం లేదు. సూసూ అనే పేరుతో వంతుల చీటీ ఆ దేశంలో పూర్వం నుండి ఉన్నదే. యుద్ధం దాన్ని చెడగొట్టింది, ఎందుకంటే చీటీకి పెట్టుబడి డబ్బు కన్న ముందు నమ్మకం. రెండు తెగల స్త్రీల చేతిలో ఒకే పెట్టె తాళాలు ఉన్నవంటే, ఎంత డబ్బు పోగైనదన్నది ఆ తరువాతి మాట. పైగా, తన చేతిలో పదిరూపాయలున్న స్త్రీ తగవులో నోరు విప్పి మాట్లాడగలదు. అక్కడి అభివృద్ధి పనికీ శాంతి పనికీ మధ్య గీత గీయటం నాకు చేతకాలేదు.

రేడియో సంగతి కూడా చెప్పి తీరాలి, అది మా వృత్తి గనుక. 1994లో రువాండా దేశంలో ఒక రేడియో కేంద్రం పొరుగువారిని చంపమని పేర్లు చదివి మరీ చెప్పింది. ఆ యంత్రమే, ఆ గాలే. 1997లో సర్చ్ ఫర్ కామన్ గ్రౌండ్ అనే సంస్థ మన్రోవియాలో టాకింగ్ డ్రమ్ స్టూడియో, అంటే మాట్లాడే డోలు అనే పేరుతో ఒక కార్యక్రమశాలను స్థాపించింది. వేరువేరు తెగలకు చెందినవారు కలిసి నాటికలు వ్రాసి, ఆడి, దేశంలోని కేంద్రాలకు ఇచ్చేవారు. అందులో ఉపన్యాసాలు తక్కువ. బజారు మాటలు, అత్తాకోడళ్ల తగవులు, తిరిగివచ్చిన కొడుకులు ఎక్కువ. ఉపన్యాసం చదువుతున్న నేను ఈ సంగతిని కొంచెం సిగ్గుతోనే ఒప్పుకొంటున్నాను.

మన దేశానికీ ఈ కథలో ఒక చిన్న భాగం ఉన్నది. 2007 జనవరిలో భారత కేంద్ర రిజర్వు పోలీసు దళం నుండి నూరుమందికి పైగా స్త్రీలు మన్రోవియాలో దిగారు. ఐక్యరాజ్యసమితి చరిత్రలో కేవలం స్త్రీలతో ఏర్పడిన మొదటి పోలీసు దళం అదే. 2016 వరకు, ఒక జట్టు తరువాత మరొక జట్టుగా, వారు అక్కడ పనిచేశారు. రాత్రివేళ గస్తీ తిరగటంతోబాటు, సెలవులలో బాలికలకు ఆత్మరక్షణ, మన సంప్రదాయ నృత్యం కూడా నేర్పేవారు. యూనిఫారం వేసుకొన్న మనిషిని చూస్తే పారిపోవటమే నేర్చిన పిల్లలు ఆ యూనిఫారంలో స్త్రీని చూచారు. ఆ సంవత్సరాలలో లైబీరియా రక్షణశాఖలలో స్త్రీల భాగం నూటికి ఆరు నుండి పదిహేడుకు పెరిగినదని ఐక్యరాజ్యసమితివారి లెక్క.

కట్టిన పని ఎంత గట్టిదో 2014లో పరీక్షకు వచ్చింది. ఎబోలా జ్వరం వ్యాపించి, ఒక్క లైబీరియాలోనే 4,800కు పైగా ప్రజలు చనిపోయారు. ఆరంభంలో జనం నమ్మలేదు; ప్రభుత్వంవారు విదేశాల డబ్బుకోసం అల్లిన కట్టుకథ అన్నారు. ఆగస్టులో మన్రోవియాలోని వెస్ట్ పాయింట్ అనే మురికివాడను సైనికులు చుట్టుముట్టి దిగ్బంధం చేస్తే అల్లరి జరిగి, కాల్పులలో గాయపడిన ఒక బాలుడు మరణించాడు. శవాన్ని కడగవద్దు, తాకవద్దు అని తుపాకి చేతబట్టి చెబితే ఏ తల్లి వింటుంది? కొన్ని ఊళ్లలో శాంతి గుడిసెల స్త్రీలు ఇంటింటికీ తిరిగి చేతులు కడుక్కొనే విధం చూపించారు, రోగం వచ్చిన ఇంటిని వెలివేయకుండా నచ్చజెప్పారు. తన తగవు తీర్చిన మనిషి చెప్పిన మాట కాబట్టి విన్నారు.

ఇదంతా చెప్పి, అంతా బాగున్నదని నమ్మించటం నా ఉద్దేశం కాదు. టేలరుకు 2012లో శిక్ష పడినది పొరుగుదేశంలో చేసిన నేరాలకు. స్వదేశంలో జరిగిన నేరాలకు స్వదేశపు న్యాయస్థానంలో విచారణ జరగనేలేదు. సత్యశోధన సంఘంవారు 2009లో తమ నివేదిక ఇచ్చారు; యుద్ధ నేరాల న్యాయస్థానం స్థాపనకు ఒక కార్యాలయం ఏర్పాటు చేస్తూ అధ్యక్షుని ఉత్తర్వు వచ్చినది 2024 మేలో. నడుమ పదిహేనేళ్లు దళపతులు కొందరు శాసనసభలో కూర్చున్నారు. కొడుకును పోగొట్టుకొన్న ఆ తల్లి గుడిసెలో కూర్చుని ఇతరుల తగవులు తీర్చవచ్చు; ఆమె తగవు తీర్చటం ఆ గుడిసె వల్ల కాదు. అది రాజ్యం చేయవలసిన పని. స్త్రీలు ఓర్చుకొంటున్నారు గదా అని రాజ్యం ఆ పని వాయిదా వేసింది. పైగా ఈ గుడిసెలలో చాలావాటికి కప్పు వేసినదీ, పెట్టె కొన్నదీ బయటివారి ధనం. బయటివారి శ్రద్ధ మరొక యుద్ధం వైపు మళ్లినప్పుడు వాన కారే కప్పును ఎవరు కప్పుతారో ఊరివారే చూచుకోవాలి.

2005లో ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ ఆఫ్రికాలో ఎన్నికైన మొదటి స్త్రీ అధ్యక్షురాలైంది. ఆ ఎన్నికకు పేర్లు నమోదు చేసుకొన్నవారిలో ఇంచుమించు సగం స్త్రీలు. బజారులో బల్లల దగ్గర ఒకరు కూర్చుని పక్కవారి సరుకు కూడా అమ్మిపెడుతూ, ఆమెను పేరు వ్రాయించుకొని రమ్మని పంపిన ఉదంతాలు ఉన్నవి. 2011లో సర్లీఫుకూ బోవీకీ, యెమెన్ దేశపు తవక్కుల్ కర్మాన్‌తో కలిపి, నోబెల్ శాంతి బహుమానం వచ్చింది.

2023 నవంబరులో అధ్యక్ష పదవికి తుది విడత ఎన్నిక జరిగింది. పదవిలో ఉన్న జార్జి వియా, ప్రతిపక్షాన జోసెఫ్ బోకాయి. తేడా సుమారు ఇరవైవేల ఓట్లు. లైబీరియాలో ఇంతకంటె పెద్ద తేడాలకే పూర్వం తుపాకులు లేచినవి. లెక్కింపు ఇంకా పూర్తికాకముందే, నవంబరు 17 రాత్రి, వియా తన ప్రత్యర్థికి టెలిఫోను చేసి అభినందించాడు. ఆ సంగతిని దేశమంతటికీ రేడియోలో తానే చెప్పాడు. మరునాడు బజారులు తెరిచినవి.